ఫోన్ పక్కన పెట్టే ముందు దాని పనులు పంచండి

అందరికీ నమస్కారం.

"రేపట్నుంచి ఫోన్ ముట్టను" అని గట్టిగా అనుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. నాలుగు రోజులు తిరక్కుండానే అది మళ్లీ చేతిలోకి వచ్చేసి ఉంటుంది. అప్పుడు ఎవరికి వాళ్లు తమకు పట్టుదల లేదని తిట్టుకుంటారు. ఆ తిట్టు అన్యాయం. ఫోన్ అంటే అలారం, టార్చి, కాలిక్యులేటర్, క్యాలెండర్, అడ్రసుల పుస్తకం, కెమెరా, దారి చూపే మ్యాపు, బ్యాంకు ఖాతాకు తాళంచెవి. దాన్ని సొరుగులో పడేసిన పూటే ఈ పనులన్నీ దిక్కులేనివైపోతాయి. ఏ ఒక్కటి అవసరపడినా మళ్లీ తెరుస్తాం, తెరిచాక ఆ ఒక్క పనితో ఊరుకోం. అందుకే ముందు ఒక్కో పనికీ వేరే చోటు చూపించాలి. ఫోన్ తీసేయడం ఆ తర్వాతి సంగతి.

మొదటి వారం ఏదీ మానకండి, రాయండి చాలు. ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెన్నుతో సహా జేబులో ఉంచుకోండి. ఫోన్ తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో ఒక్క మాట రాయండి: టైము, మెసేజ్, లెక్క, ఊరికే. టైము చూద్దామని తీసి వీడియోల్లోకి వెళ్లిపోతే, "టైము" పక్కన బాణం గీసి "వీడియో" అని రాయండి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ రెండూ 2018లో వచ్చాయి. ఎంతసేపు చూశారో, ఎన్నిసార్లు తీశారో అవి చెబుతాయి గానీ, ఎందుకు తీశారో చెప్పలేవు. అది మీ కాగితమే చెప్పాలి. వారం చివర విప్పి చూసుకుంటే, బాణాలు ఎక్కువగా ఏ మాట దగ్గర మొదలవుతున్నాయో తెలుస్తుంది. ఫోన్ నుంచి ముందు బయటికి తేవాల్సింది ఆ పనినే.

ఒక్క మార్పు మాత్రమే చేయగలమనేవాళ్లకు నేను చెప్పేది అలారం గడియారం కొనుక్కోమనే. పెన్సిల్ సెల్‌తో నడిచే ముళ్ల గడియారం చాలు. కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినండి. సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమంటూ గెంతే రకం రాత్రిపూట నిద్ర చెడగొడుతుంది, చప్పుడు లేకుండా జారుతూ తిరిగే రకం తీసుకోండి. మామూలు ముళ్ల అలారానికి పగలూ రాత్రీ తేడా తెలియదు. పొద్దున ఆరింటికి పెట్టింది, మీట దించకపోతే సాయంత్రం ఆరింటికీ మోగుతుంది. అలారం ముల్లు పొట్టిది, దానికి నిమిషాల గుర్తులు ఉండవు, కాబట్టి కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. కొన్న రోజు పగటిపూటే ఒకసారి మోగించి ఎంత తేడా ఉందో చూసుకోండి. మొదటి వారం ధైర్యం కోసం ఫోన్ అలారం కూడా పెట్టుకోవచ్చు, కానీ ఫోన్ పక్క గదిలోనే ఉండాలి. ఈ గడియారం విలువ రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు తెలుస్తుంది. టైమెంతో చూద్దామని తల తిప్పితే అది టైము చెప్పి ఊరుకుంటుంది, వచ్చిన మెసేజ్‌లు చూపించదు. ఛార్జర్‌ను కూడా పడకగదిలోంచి తీసేసి వీధి తలుపు దగ్గర ఒక చోట పెట్టండి.

ఇక "ఊరికే". కాగితం మీద ఎక్కువసార్లు కనిపించే మాట ఇదే కావచ్చు, సిగ్గుపడనక్కర్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో తేలిన సంగతి ఒకటుంది. మీటను ముక్కుతో ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో అంచనాకు అందకపోతే పావురం విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. తెరను కిందికి లాగితే ఈసారి కొత్తది వస్తుందో రాదో తెలియకపోవడం కూడా అలాంటిదే. కింది అంచు లేకుండా సాగిపోయే పేజీని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తర్వాత దాని గురించి బహిరంగంగా విచారం వెలిబుచ్చారు. కాబట్టి ఆ లాగుడును బలహీనపరచాలి. మనుషులు చేసే కాల్స్, మనుషులు పంపే మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. యాప్ బొమ్మ మీద కనిపించే ఎర్ర అంకెకు చాలా ఫోన్లలో వేరే మీట ఉంటుంది, దాన్ని మరిచిపోతుంటారు. యాప్ తీసేసి బ్రౌజర్‌లో లాగిన్ అలాగే ఉంచితే పెరటి తలుపు తెరిచి పెట్టినట్టే, అక్కడా లాగౌట్ చేయండి. తెరను నలుపు తెలుపులోకి మార్చడం కూడా పనికొస్తుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్‌లోకి వెళ్తే దొరుకుతుంది. మ్యాపు చూసేటప్పుడు రంగులు కావాలి కాబట్టి, పక్క బటన్ మూడుసార్లు నొక్కితే రంగులు తిరిగొచ్చేలా షార్ట్‌కట్ పెట్టుకోండి. లేకపోతే విసుగొచ్చి మొత్తానికే తీసేస్తారు.

ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనది: "అత్యవసరమైతే ఎలా?" ఫోన్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్‌లో రిపీట్ కాల్స్ అనే వెసులుబాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే, అదే మనిషి ఐఫోన్‌కు మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌కు 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. "అవసరమైతే వెంటనే రెండోసారి చెయ్యండి" అని అందరికీ చెప్పి ఉంచండి. చెప్పిన రోజే ఒకరితో చేయించి చూసుకోండి.

బటన్ ఫోన్‌కు మారదామనుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది లాగిన్ కోడ్‌ల దగ్గర. మెసేజ్‌గా వచ్చే ఓటీపీ బటన్ ఫోన్‌కూ వస్తుంది. అథెంటికేటర్ యాప్, అంటే లాగిన్ కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే యాప్, చూపించే ఆరంకెల కోడ్ రాదు. పాత ఫోన్ రీసెట్ చేశాక ఆ సంగతి గుర్తొస్తే ఈమెయిల్‌కే దారి మూసుకుపోవచ్చు. ఆ ఫోన్ లేకపోయినా లాగిన్ అవడానికి గూగుల్ ఖాతాకు పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి దాచండి. కొత్త సెట్ తీసుకుంటే పాతవి చెల్లవు, పాత కాగితం చింపేయండి. చాలా దేశాల్లో 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు మూతపడుతున్నాయి, కాబట్టి 4జీలో మాట్లాడే వీలున్న, అంటే వోల్టీ ఉన్న బటన్ ఫోనే తీసుకోండి. పాత ఫోన్‌లోని నంబర్లు సిమ్‌లోకి ఎక్కిద్దామంటే, అందులో సాధారణంగా 250 పేర్లకు మించి పట్టవు, పొడవు పేర్లు తెగిపోతాయి. దగ్గరివాళ్ల నంబర్లు ఓ ఇరవై చేత్తో రాసుకోండి. వాట్సాప్ ఉన్న ప్రధాన ఫోన్ 14 రోజులకు మించి వాడకపోతే కంప్యూటర్‌లో తెరిచి ఉన్న వాట్సాప్ తెగిపోతుంది. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ వాళ్లే మీ ఖాతాను తొలగించవచ్చు. పని తాలూకు గ్రూపుల్లో ఉన్నవాళ్లకు ముందే చెప్పండి.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని అడుగుతారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులు పట్టవచ్చని వాళ్ల అంచనా. మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. నాలుగు రోజులకే చేతులెత్తేసినవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. మొదటి రోజుల్లో చెయ్యి ఖాళీగా అనిపిస్తుంది. అది ఏ చోటుకు అలవాటుగా వెళ్తుందో అక్కడే పుస్తకమో, అల్లికో, చిన్న నోటుబుక్కో పెట్టండి. లేకపోతే ఆ గంటలు టీవీ కిందికి పోతాయి.

చివరగా, తీసేసిన స్మార్ట్‌ఫోన్ గురించి. ఛార్జి పూర్తిగా ఖాళీ అయ్యాక సొరుగులో పడేస్తే లిథియం బ్యాటరీ వోల్టేజి మరీ పడిపోయి మళ్లీ లేవకపోవచ్చు. సగం ఛార్జి ఉంచి, స్విచాఫ్ చేసి, వేడి, తేమ తగలని చోట పెట్టండి. ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి ఛార్జి చేయండి. వెనక మూత ఉబ్బి కనిపిస్తే నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి. పాత బ్యాటరీలు తీసుకునేచోట అప్పగించేయండి.