పాత లాప్‌టాప్‌లో లినక్స్: బాబాయ్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లింది

[బల్ల మీద పాత లాప్‌టాప్, పక్కన పెన్‌డ్రైవ్]

ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బాబాయ్ లాప్‌టాప్. సిక్స్త్ జనరేషన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్ దాని లిస్టులోనే లేదు. "ఏరా, అమ్మేద్దామా?" అన్నాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి పట్టుకెళ్తే దీనికి ఎంతిస్తారో ఊహించుకోండి.

అమ్మే బదులు లినక్స్ వేద్దామన్నాను. అది విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దాంట్లో చాలా రకాలున్నాయి, ఏ లినక్స్ అని అడిగితే తలా ఒక పేరు చెప్తారు. మొదటిసారైతే లినక్స్ మింట్ అనే రకం వేసుకోండి. కింద మెనూ ఉంటుంది, విండోస్ అలవాటైన చేతికి ఇబ్బంది ఉండదు. ర్యామ్ తక్కువైతే మింట్‌లో సినమన్ ఎడిషన్ వద్దు, తేలిగ్గా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి.

[పెన్‌డ్రైవ్ పెడుతూ]

ఇన్‌స్టాల్ నొక్కకుండా ముందు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ అన్నీ చూడండి, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందో లేదో కూడా. దీంట్లో వైఫై అసలు కనపడలేదు. టెన్షన్ పడకుండా ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సిన డ్రైవర్ అదే చూపించింది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రీస్టార్ట్‌లో ఒక నీలం తెర రావచ్చు. అది ఎర్రర్ కాదు. అందులో ఎన్‌రోల్ మోక్ (Enroll MOK) అనేది ఎంచుకుని, ఇన్‌స్టాల్ అప్పుడు మీరు పెట్టిన పాస్‌వర్డే కొట్టాలి (నేను మొదటిసారి భయపడి పవర్ బటన్ నొక్కేశాను).

విండోస్‌ని కూడా పక్కనే ఉంచాను, ఎందుకంటే బాబాయ్‌కి లెక్కలు రాసుకునే టాలీ కావాలి, అది లినక్స్‌లో నేరుగా నడవదు. మర్నాడు పొద్దున పదింటికి ఫోన్. "కంప్యూటర్ పాడుచేశావ్ కదరా, విండోస్‌లో టైమ్ నాలుగున్నర చూపిస్తోంది!"

[రెండు గడియారాలు పక్కపక్కన]

లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) టైమ్ పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. మనకీ యూటీసీకీ తేడా కచ్చితంగా ఐదున్నర గంటలు. మింట్‌లో టెర్మినల్ తెరిచి, స్క్రీన్ మీదున్న ఈ ఒక్క లైన్, timedatectl set-local-rtc 1, కొడితే సరిపోతుంది, మింట్ కూడా మన టైమే పెడుతుంది.

తెలుగు ఫైళ్ల సంగతి కూడా చెప్పాలి. విండోస్‌లో ఉండే గౌతమి ఫాంట్‌లో చేసిన డాక్యుమెంట్ మింట్‌లోని లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటిది) తెరుచుకుంటుంది గానీ, ఆ ఫాంట్ లేకపోతే లైన్లు జరిగిపోతాయి, అందుకే ఎవరికైనా పంపాలంటే పీడీఎఫ్ చేసి పంపండి. అను ఫాంట్లలో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసేవాళ్లు మాత్రం విండోస్ వదలకండి, ఆ పని విండోస్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది.

బాబాయ్ ఇప్పుడు పేపర్, యూట్యూబ్ అన్నీ మింట్‌లోనే చూస్తున్నాడు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది కాబట్టి, నెలాఖరులో టాలీ కోసం అందులోకి వెళ్లినప్పుడు వైఫై ఆపేయమన్నాను. ఆపుతున్నాడో లేదో మరి.