తాళంగా మారిన రెండు చిన్న కవితలు: ట్రాక్‌ఐఆర్, ఓపెన్‌ట్రాక్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందు ఒక్కసారి నా తల మీదకి చూడండి. పాత టోపీ. అంచుకి వంచి కట్టిన ఇనప తీగ, ఆ తీగకి మూడు చిన్న ఎల్‌ఈడీలు. వెలుగుతూనే ఉన్నాయి, ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి మీ కంటికి కనబడవు. ఇది పెట్టుకుని నేను ఆటలో కూర్చుంటే ఇంట్లోవాళ్ళు గదిలోకి రావడం మానేశారు.

బల్ల మీద ఈ నల్లటి చిన్న కెమెరా ఉంది చూశారా, అది ట్రాక్‌ఐఆర్ 5, ఆటలో మన తల ఎటు తిరిగిందో పట్టే పరికరం. డబ్బులు పెట్టి కొన్నదే, ఎవరూ పంపలేదు. నా టోపీ చేసేదీ అదే పని, ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. ఇవాళ రెండింటి రివ్యూ. అయితే ఏది బాగా పనిచేస్తుందన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. నాకు అసలు ఆసక్తి వేరే దాని మీద. ఈ రెండు రకాల సాఫ్ట్‌వేర్ల మధ్య ఏళ్ళ తరబడి ఒక కాపీరైట్ గొడవ నడిచింది. దాని మూలం ఏంటో తెలిస్తే మీరు నవ్వుతారు.

హెడ్ ట్రాకింగ్ కొత్తవాళ్ళకి ఒక్క మాట. ఫైటర్ విమానం ఆట ఆడుతున్నారు. ఒక చెయ్యి స్టిక్ మీద, ఇంకో చెయ్యి వేగం పెంచే థ్రాటిల్ మీద. శత్రువు మీ వెనక్కి జారుకున్నాడు. అటు ఎలా చూస్తారు? మౌస్‌కి చెయ్యి ఖాళీ లేదు. అందుకని తలే తిప్పుతారు. మీరు పదిహేను డిగ్రీలు తిప్పితే ఆటలో తల నూటయాభై డిగ్రీలు తిరుగుతుంది, మీ కళ్ళు మాత్రం స్క్రీన్ మీదే ఉంటాయి. రెండు మూడు రోజుల్లో అలవాటు అయిపోతుంది. ఆ తర్వాత అది లేకుండా ఆడాలంటే మెడ పట్టేసినట్టు ఉంటుంది.

పనితీరు సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్రాక్‌ఐఆర్ 5 కెమెరా సెకనుకి 120 ఫ్రేములు తీస్తుంది. డబ్బా విప్పాక కెమెరా మానిటర్ మీద పెట్టి, క్లిప్పు తగిలించుకుని, సాఫ్ట్‌వేర్ వేసుకోవడమే. కదలిక వెన్నలా ఉంటుంది. ఎండ నేరుగా కిటికీలోంచి పడితే మాత్రం చుక్కలు గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇన్‌ఫ్రారెడ్ చుక్కల్ని వెతికే ఏ పద్ధతికైనా ఆ తంటా ఉంటుంది, నా టోపీకీ ఉంది.

నా టోపీ కథ ఇంకొంచెం పెద్దది. మామూలు వెబ్‌క్యామ్ లోపల ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే చిన్న గాజు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయాలి. ఆ తర్వాత మామూలు వెలుతురుని ఆపేది ఏదైనా లెన్సు ముందు పెట్టాలి. పాత ఫ్లాపీ డిస్కు విప్పితే లోపల గుండ్రటి నల్లటి పొర ఉంటుందే, అది చక్కగా సరిపోతుంది. మొదటి కెమెరాని నేను స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయి లెన్సే గీసేశాను. రెండోది బతికింది. కానీ అది సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది, తల విసురుగా తిప్పినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. పాత ప్లేస్టేషన్ 3 కెమెరా దొరికితే 640 బై 480లో 60 ఫ్రేములు వస్తాయి, అప్పుడు చాలావరకు సరిపోతుంది.

ఇందులో లెక్క ఎవరి రహస్యమూ కాదు. మూడు నాలుగు చుక్కలు కెమెరాలో ఎక్కడెక్కడ కనబడుతున్నాయో చూసి తల ఎటు తిరిగిందో, ఎంత వంగిందో, ఎంత ముందుకొచ్చిందో తేల్చే పద్ధతులు 1990ల నుంచే పరిశోధన పత్రాల్లో ఉన్నాయి. 2007లో జానీ చుంగ్ లీ అనే ఆయన నింటెండో వాళ్ళ వీ అనే ఆటల మెషీన్ రిమోట్‌ని తిరగేసి పెట్టి, కళ్ళజోడుకి రెండు ఎల్‌ఈడీలు తగిలించి, తల కదిపితే స్క్రీన్ కిటికీలా మారిపోయే వీడియో పెట్టాడు. ప్రపంచమంతా చూసింది.

మరి గొడవ దేని మీద? ఆటతో మాట్లాడటం మీద.

మీ తల ఎటుందో కనుక్కోవడం సగం పనే. ఆ సంగతి ఆటకి చెప్పాలి కదా. ట్రాక్‌ఐఆర్ చేసే నేచురల్‌పాయింట్ కంపెనీది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం. వాళ్ళు ఆటలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మా పరికరం మీ ఆటలో పనిచేసేలా ఇదిగో ఇంటర్‌ఫేస్, అంటే రెండూ మాట్లాడుకునే పద్ధతి, అని ఇచ్చారు. విండోస్‌లో ఎన్‌పీక్లయింట్ అనే డీఎల్‌ఎల్ ఫైల్ ఉంటుంది, అంటే వేరే ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే కోడ్ ముక్క. ఆట మొదలవగానే, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో చూసి ఆ ఫైల్ ఎక్కడుందో వెతుక్కుంటుంది, దాన్ని తెరుస్తుంది, తల ఎటుందో చెప్పమని అడుగుతుంది. జవాబుగా వచ్చేవి ఉత్త అంకెలు. ఎడమకి పూర్తిగా తిరిగితే ఒక కొస, కుడికి తిరిగితే ఇంకో కొస, మైనస్ 16383 నుంచి ప్లస్ 16383 దాకా. అంతే.

అయితే అంకెలు అడిగే ముందు ఆట ఇంకో ప్రశ్న వేస్తుంది. నువ్వు నిజంగా వాళ్ళ డీఎల్‌ఎల్‌వేనా, సంతకం చూపించు అంటుంది. డీఎల్‌ఎల్ రెండు ముక్కలు తిరిగి ఇవ్వాలి, ఒక్కో దానికి 200 అక్షరాల చోటు. ఆ సంతకాల్లో ఏముందో తెలుసా? కవిత్వం.

నిజంగానే. ఇంగ్లీషులో రెండు చిన్న హైకూలు. మూడు పాదాల్లో అయిదు, ఏడు, అయిదు సిలబుల్స్ లెక్క కూడా సరిగ్గా ఉంటుంది, నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. మొదటి దాని భావం మన మాటల్లో చెప్పాలంటే, కచ్చితంగా తల కదలిక పట్టేది, తలని ఆటలోకి పెట్టు, ఇక వెళ్ళి చుట్టూ చూసుకో అని. రెండోది ఇంకా పొడిగా ఉంటుంది, కెమెరా, సాఫ్ట్‌వేర్, కదలిక అని. ఒక్కో కవిత కింద కాపీరైట్, ఐ కంట్రోల్ టెక్నాలజీస్ అని ఉంటుంది. అది ఆ కంపెనీ పాత పేరు.

ఎంత తెలివి చూడండి. అంకెల ఇంటర్‌ఫేస్ మీద కాపీరైట్ ఉందని వాదించడం కష్టం. పాస్‌వర్డుగా ఏదో పది అంకెల సంఖ్య పెట్టినా కష్టమే. కవిత పెడితే? కవిత రచన కదా! ఎవరైనా పోటీ సాఫ్ట్‌వేర్ రాసి ఆటతో మాట్లాడాలంటే ఆ కవిత అప్పజెప్పాల్సిందే. అప్పజెప్పిన క్షణంలో, మా రచన కాపీ కొట్టావు అనొచ్చు.

ఇలా చేసింది వీళ్ళొక్కళ్ళే కాదు. నింటెండో వాళ్ళ గేమ్ బాయ్ అనే చేతి ఆటల మెషీన్‌లో క్యాసెట్ పెడితే అందులో నింటెండో లోగో బొమ్మ ఉందా లేదా అని మెషీన్ పోల్చి చూసేది, లేకపోతే అక్కడే ఆగిపోయేది. ఇంటెల్ చిప్‌తో మ్యాక్‌లు వచ్చిన కొత్తలో ఆపిల్ వాళ్ళు కూడా, ఇది మా కష్టార్జితం, దొంగిలించకండి అనే అర్థం వచ్చే మాటల్నే తాళంచెవిగా లోపల దాచారు.

ఇక మన కథలోకి ఫ్రీట్రాక్ వచ్చింది. 2000ల చివర్లో ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేర్. ఏ వెబ్‌క్యామ్ అయినా సరే, మూడు ఎల్‌ఈడీలు చాలు. ఆటలన్నీ అప్పటికే ట్రాక్‌ఐఆర్ భాష ఒక్కటే నేర్చుకుని ఉన్నాయి కాబట్టి ఫ్రీట్రాక్ కూడా ఆ భాషే మాట్లాడింది. ఆ సంతకం వాక్యాలు మా కాపీరైట్ అని నేచురల్‌పాయింట్ అంది. ఆటతో కలిసి పనిచేయడానికి వేరే దారే లేదు, ఇది కాపీ ఎలా అవుతుంది అని ఇటువైపు వాళ్ళన్నారు.

అచ్చం ఇలాంటి కేసు ఒకటి అమెరికాలో అంతకుముందే తేలింది. 1992, సెగా వర్సెస్ అకొలేడ్. సెగా వాళ్ళు జెనెసిస్ అనే తమ ఆటల మెషీన్ కొత్త రకంలో ఒక తనిఖీ పెట్టారు. క్యాసెట్‌లో ఫలానా చోట ఎస్, ఈ, జీ, ఏ అనే నాలుగు అక్షరాలు ఉంటేనే ఆట నడుస్తుంది. అవి కనబడగానే ఇది సెగా లైసెన్సుతో చేసిందని స్క్రీన్ మీద పడుతుంది. ఆ మెషీన్‌కి ఆటలు చేసే అకొలేడ్ కంపెనీ వాళ్ళు మెషీన్ కోడ్ విప్పి చూసి ఆ నాలుగు అక్షరాలు తమ ఆటల్లో పెట్టుకున్నారు. కింది కోర్టులో ఓడారు, అప్పీలు కోర్టులో గెలిచారు. కలిసి పనిచేయడానికి ఏం కావాలో తెలుసుకోవాలంటే వేరే దారి లేనప్పుడు కోడ్ విప్పి చూడటం న్యాయమైన వాడకమే, అంటే అనుమతి లేకపోయినా కాపీరైట్ చట్టం ఒప్పుకునేదే అంది కోర్టు. ఆ తప్పుడు సందేశం స్క్రీన్ మీద పడటానికి కారణం మీరు పెట్టుకున్న తాళమే అని సెగాకే చెప్పింది.

2004లో ప్రింటర్లు చేసే లెక్స్‌మార్క్ కంపెనీ కేసు మన కథకి ఇంకా దగ్గర. ప్రింటర్ టోనర్ చిప్‌లో చాలా చిన్న ప్రోగ్రాం ఉండేది. దాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వకపోతే ప్రింటర్ మొరాయిస్తుంది. ఒక ప్రోగ్రాంనే పాస్‌వర్డుగా వాడుకుంటే దాన్ని పాస్‌వర్డులాగే చూడాలి, రచనలా కాదు అన్న ధోరణిలో ఆ తీర్పు నడిచింది. 2012లో యూరప్ అత్యున్నత కోర్టు, ప్రోగ్రాం చేసే పనికి, డేటా ఫైల్ ఫార్మాట్‌కి కాపీరైట్ రక్షణ లేదంది. 2021లో గూగుల్, ఒరాకిల్ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఒరాకిల్ వాళ్ళ జావా అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి గూగుల్ తీసుకున్న దాదాపు 11,500 లైన్ల కోడ్ మీద గొడవ. వాటికి కాపీరైట్ ఉందా లేదా అన్నది అమెరికా సుప్రీంకోర్టు తేల్చలేదు. ఉందనుకున్నా గూగుల్ వాడకం న్యాయమైనదే అంది.

నేను లాయర్ని కాదు, ఇవన్నీ వేరే వేరే సరుకుల కేసులు. కానీ గాలి ఎటు వీస్తుందో తెలుస్తోంది కదా. తాళంచెవి మీద కవిత చెక్కినంత మాత్రాన తలుపు తీయడం కవిత దొంగతనం అయిపోదని నా అభిప్రాయం.

నేచురల్‌పాయింట్ వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఈ పరికరం అంటే ఏంటో ఎవరికీ తెలియని రోజుల్లో ఒక్కో ఆట కంపెనీ వెంటపడి సపోర్టు పెట్టించింది వాళ్ళే. ఈ రోజు నా టోపీ ఇన్ని ఆటల్లో పనిచేస్తోందంటే ఆ పొలం దున్నింది ఇంకొకరు. కోతకి మాత్రం అందరం వచ్చాం. వాళ్ళకి మండటంలో వింతేమీ లేదు. మండిన తర్వాత ఎంచుకున్న ఆయుధమే నాకు నచ్చలేదు.

కవితతో ఆగలేదు కూడా. తర్వాత వచ్చిన చాలా ఆటల్లో అంకెల్ని ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే తాళంచెవి లేనిదే అర్థంకాకుండా మార్చేయడం మొదలైంది. ఒక్కో ఆటకి ఒక్కో నంబరు, దానికో తాళంచెవి. ఇక్కడ చట్టం కూడా మారుతుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం డిజిటల్ తాళం పగలగొట్టడమే వేరే నేరం, లోపలున్నది కాపీ కొట్టారా లేదా అన్నది తర్వాతి మాట. అయితే సాఫ్ట్‌వేర్లు కలిసి పనిచేయడం కోసమైతే దానికి మినహాయింపు కూడా అదే చట్టంలో ఉంది. ఆ మినహాయింపు ఎంతదూరం వస్తుందన్నది కేసుని బట్టి ఉంటుంది. మామూలు ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాడికి కోర్టు ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్.

ఇక ఓపెన్‌ట్రాక్ లోపల ఏముందో చూపిస్తాను, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. దీని సోర్స్ కోడ్ అందరూ చూడొచ్చు. ఆటకి ఇవ్వడానికి దీనికి సొంత ఎన్‌పీక్లయింట్ ఉంది, వాళ్ళ ఫైల్ కాపీ కాదు, కొత్తగా రాసింది. అందులో సంతకం ఇచ్చే చోటుకి వెళ్ళండి. కవిత కనబడదు. రెండు పట్టికలు ఉంటాయి, చూస్తే అర్థంపర్థం లేని అంకెలు. మొదటి పట్టికలో ఒక అంకె, రెండో పట్టికలో దాని జోడీ, రెండింటినీ ఎక్సార్ అనే చిన్న లెక్కతో కలిపితే ఒక అక్షరం వస్తుంది. అలా 200 సార్లు. ఆట అడిగిన క్షణంలో ఆ ముక్కల్లోంచి వాక్యం పుడుతుంది, ఆట సరేనంటుంది. కొన్ని ఆటలు ట్రాక్‌ఐఆర్ ప్రోగ్రాం నడుస్తోందా అని కూడా చూస్తాయి. వాటికోసం ఆ పేరుతోనే ఏ పనీ చేయని ఒక ఉత్త ప్రోగ్రాం ఉంటుంది. పొలంలో దిష్టిబొమ్మ నిలబడ్డట్టు ఊరికే నడుస్తూ ఉంటుంది.

ఇలా దాచిపెట్టినంత మాత్రాన కాపీరైట్ ప్రశ్న మాయమైపోతుందా అంటే, పోదు. వాక్యం చివరికి తయారవుతోంది కదా. ఒక చిన్న పాస్‌వర్డు కోసం ఇంత సర్కస్ చేయాల్సి వచ్చిందే అనిపిస్తుంది, అంతే.

ఉచితం కదా అని దీనికి కాపీరైట్ లేదనుకోకండి. ఫ్రీట్రాక్‌ది జీపీఎల్ లైసెన్సు, అంటే మార్చి పంచిపెడితే ఆ కోడ్ కూడా అదే షరతులతో ఇవ్వాలి. ఓపెన్‌ట్రాక్‌లో ఎక్కువ భాగం ఐఎస్‌సీ లైసెన్సు. ఐఎస్‌సీ అంటే వాడుకో, మార్చుకో, అమ్ముకో, రాసినవాళ్ళ పేరు మాత్రం తీయకు అని. ఆ ఒక్క షరతు తప్పినా అది కాపీరైట్ ఉల్లంఘనే. చట్టం రెండువైపులా కోస్తుంది.

ఈ గొడవకి అసలు మందు ఆటలు చేసేవాళ్ళ దగ్గరుంది. ఆర్మా 3 అనే యుద్ధం ఆట సెట్టింగుల్లోకి వెళ్ళి చూడండి, ట్రాక్‌ఐఆర్ పక్కనే ఫ్రీట్రాక్ కూడా విడిగా కనబడుతుంది. కవిత అక్కర్లేదు, దిష్టిబొమ్మ అక్కర్లేదు. ఇంకో తలుపు తెరిచారు, పని అయిపోయింది.

మరి ఏది తీసుకోవాలి? విమానాల ఆటలు రోజూ గంటలకొద్దీ ఆడతారు, తీగలు వంచే ఓపిక లేదు అంటే ట్రాక్‌ఐఆర్ కొనుక్కోండి, పరికరం మంచిదే, గొడవ సంగతి ఎలా ఉన్నా. ఇది నాకు నప్పుతుందా లేదా అని చూడాలనుకునేవాళ్ళు ముందు ఓపెన్‌ట్రాక్ వేసుకోండి. ఇప్పుడు అందులో టోపీ కూడా అక్కర్లేదు. ముఖాల్ని గుర్తుపట్టడం నేర్చుకున్న న్యూరల్‌నెట్ ట్రాకర్ ఎంచుకుంటే మామూలు వెబ్‌క్యామ్‌తో మీ ముఖాన్నే పట్టుకుంటుంది. చుక్కలంత స్థిరంగా ఉండదు, కొంచెం వణుకుతుంది, ఆ వణుకు తగ్గించే ఫిల్టర్ పెంచుకోండి. ఫోన్ కెమెరాతో తల కదలిక పట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. అవి వైఫై మీద యూడీపీ పోర్టు 4242కి, అంటే కంప్యూటర్ డేటా అందుకునే ఆ నంబరు చోటుకి పంపితే ఓపెన్‌ట్రాక్ అందుకుంటుంది.

ఒక్కటి ముందే చెబుతున్నా. నేచురల్‌పాయింట్ వాళ్ళ డీఎల్‌ఎల్ ఫైల్ పంపించండి అని కామెంట్లలో అడగకండి. అది వాళ్ళు రాసుకున్న ఫైల్, పంపను. ఓపెన్‌ట్రాక్‌కి దాని సొంతది ఉందని ఇందాకే చూపించాను కదా. టోపీకి తీగ ఎలా వంచాలో అడగండి, కొలతలు పెడతాను.