పోన్యో పుట్టిన రేవు తొమోనౌరా: చూసొచ్చినవాళ్ల మాటగా

నమస్తే అండీ. నా వెనకాల ఆ రాతి దీపస్తంభం కనిపిస్తోందా? 1859లో కట్టింది. ఈ రేవు పేరు తొమోనౌరా. జపాన్‌లో హిరోషిమా ప్రిఫెక్చర్‌లో (అంటే మన రాష్ట్రం లాంటిది), ఫుకుయామా స్టేషన్ నుంచి బస్సులో అరగంట. యానిమేషన్ సినిమాల దర్శకుడు మియాజాకి 2005లో ఇక్కడే కొండ అంచునున్న ఒక ఇంట్లో రెండు నెలల పాటు ఉన్నారు. 2008లో ఆయన సినిమా ‘పోన్యో’ వచ్చింది.

ముందే చెప్పేస్తున్నా, స్క్రీన్‌షాట్లు పట్టుకుని అచ్చం అలాంటి చోట్లు వెతుకుదామని వస్తే నిరాశపడతారు. సినిమాలో ఊరి పేరే చెప్పరు. నేనూ పొద్దున రెండు గంటలు సందులన్నీ అలాగే తిరిగాను. ఆ తర్వాత వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నాను. ఇక లేవబుద్ధి కాలేదు.

ఈ మెట్లని గాంగి అంటారు. నీళ్లలోకి దిగిపోతుంటాయి. నీటిమట్టం ఎక్కడున్నా పడవ ఏదో ఒక మెట్టుకి ఆనుతుంది, సరుకు దించుకోవచ్చు. నేను వచ్చేసరికి కింద నాచు పట్టిన మెట్లన్నీ పైకి తేలి ఉన్నాయి. ఇప్పుడు చూడండి, కెమెరా కిందికి తిప్పుతున్నా... అన్నీ మునిగాయి. అల లేదు, చప్పుడు లేదు. విశాఖలో కెరటాల హోరు వింటూ పెరిగినదాన్ని, సముద్రం ఇలా ఒక్కో మెట్టూ ఎక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు.

సినిమాలో తుపాను వెలిసిన పొద్దున సముద్రం ఆ కథలోని పిల్లాడు సొసుకె ఇంటి గడప దాకా వచ్చి నిలబడుతుంది, గుర్తుందా? ఊరివాళ్లు పడవలెక్కి హుషారుగా తిరుగుతుంటారు. అదంతా కల్పనే అనుకునేదాన్ని. ఇక్కడ కూర్చుంటే, రోజూ కళ్లముందు జరిగేదాన్నే పెద్దది చేసి గీశారనిపిస్తోంది.

ఇది దీవుల మధ్య మూసినట్టుండే సెతో సముద్రం. పోటు వచ్చినప్పుడు తూర్పు నుంచీ పడమర నుంచీ నీళ్లు లోపలికొచ్చి ఈ దగ్గర్లోనే కలుస్తాయి. ఆటు మొదలైతే ఇక్కణ్ణుంచే అటూ ఇటూ విడిపోతాయి. తెరచాప ఓడలు పోటుతో లోపలికొచ్చి, ఆటు కోసం ఇక్కడ ఆగేవి. అలా ఆగిన ఓడలతోనే ఈ ఊరు పెరిగింది.

ఈ రేవు దాదాపు పోయేదే. కొంత పూడ్చి వంతెన వేద్దామని 1983లోనే ప్రణాళిక వేశారు. రోడ్లు నిజంగా ఇరుకు, కాబట్టి కావాలన్నవాళ్లూ ఊళ్లో ఉన్నారు, వాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. వద్దన్నవాళ్లు 2007లో కోర్టుకెళ్లారు. ఈ దృశ్యాన్ని కాపాడుకోవాల్సిందేనని 2009లో హిరోషిమా జిల్లా కోర్టు పని ఆపించింది. 2012లో ప్రిఫెక్చర్ గవర్నర్ ఆ ఆలోచన మానుకున్నారు. మీరు చూస్తున్న ఈ ఒడ్డు అలా మిగిలింది. నాకైతే చాలా సంతోషం.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఫుకుజెంజి గుడి హాల్లో చాప మీద కూర్చుని దీవుల్ని చూడండి. 1711లో కొరియా రాయబారులు మెచ్చుకున్న దృశ్యం అది. సెన్సుయి దీవికి ఫెర్రీలో అయిదు నిమిషాలు. 16 మూలికలు వేసి చేసే హోమేషు అనే తియ్యటి మద్యం ఈ ఊరిదే. పొద్దున వచ్చి మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయే ప్లాన్ మాత్రం వద్దండీ. ఒక రాత్రి ఉండి, ఒక ఆటూ ఒక పోటూ పూర్తిగా చూడండి.

ఇదిగో, నీళ్లు నా కింది మెట్టు దాకా వచ్చేశాయి. ట్రైపాడ్ పైకి తీస్తున్నా.