జోర్ సాహెబు, దక్కనీ మాట

శ్రోతలకు నమస్కారం. హైదరాబాదు పాతబస్తీలో మాట్లాడే దక్కనీలో, అంటే మన దక్కన్ ఉర్దూలో, 'ఖాజీ' అంటారు, 'ఖిల్లా' అంటారు. నిజానికి ఆ మొదటి అక్షరం 'ఖ' కాదు, గొంతు లోపల్నించి పలికే 'క'. ఈ పలుకు విని ఉత్తరాదివాళ్లు నవ్వుకోవడం కొత్తేమీ కాదు. ఇవాళ నేను చెప్పబోయే పండితుడి పేరులోనే ఆ అక్షరం ఉంది: సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ. కలంపేరు 'జోర్'.

ఉస్మానియాలో చదువుకుని లండన్ వెళ్లి డాక్టరేటు తెచ్చుకున్నారు. హిందుస్తానీ ధ్వనుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1930లో ప్యారిస్‌లో అచ్చయింది. భాషాశాస్త్రం కోసం వెళ్లిన మనిషి అక్కడి లైబ్రరీల్లో పాత దక్కనీ రాతప్రతులు కూడా తిరగేశారు. ఉర్దూ సాహిత్యమంటే ఢిల్లీ, లక్నో అనుకునే రోజులవి. ఆ ఊళ్లకంటే ముందే మన గోల్కొండలో కవిత్వం పండిందని జోర్ గట్టిగా వాదించారు. ఊరికే వాదిస్తే ఎవరు వింటారు? అందుకే ప్రతులు బయటికి తీశారు.

హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవితలన్నిటినీ పరిష్కరించి 1940లో అచ్చువేయించారు. 'పియా బాజ్ ప్యాలా పియా జాయే నా' అంటాడా సుల్తాను. మొదటి 'పియా' ప్రేమించిన మనిషి, రెండోది తాగడం. మరి 'బాజ్'? 'లేకుండా' అని. నేటి ఉర్దూలో వినపడని మాట. ఇలాంటివి అడుగడుగునా తగిలే ప్రతిని విప్పి చదవడమంటే ఎంత ఓపిక కావాలో! నాకైతే అందులో 'మిర్గ్' మీద కవితలున్నాయని తెలిసినప్పుడు భలే సంతోషమేసింది. మిర్గ్ అంటే మరేదో కాదు, మన మృగశిర కార్తే. తొలకరికి మన రైతు ఎదురుచూసినట్టే ఆ రాజూ ఎదురుచూశాడు.

1931లో జోర్ 'ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ' అనే ఉర్దూ సాహిత్య సంస్థ పెట్టారు. 1938లో 'సబ్‌రస్' పత్రిక మొదలైంది. కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేస్తూనే ఇవన్నీ నడిపారు. చివరికి కశ్మీరులో ఉర్దూ ప్రొఫెసరుగా ఉండగా 1962లో శ్రీనగర్‌లో కన్నుమూశారు.

ఆయన పోగుచేసిన రాతప్రతులు పంజాగుట్ట దగ్గర 'ఐవాన్-ఎ-ఉర్దూ' భవనంలో ఉన్నాయి. ఆ స్థలం ఇచ్చింది ఆయన భార్య తహనియతున్నీసా బేగం. ఆవిడా కవయిత్రే.