గీతకి అవతలి ఇల్లు

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. అవన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అందులోనే అయిపోతాయి, క్షమించాలి.

ఇంజినీర్ల దినోత్సవం కదా, పోలవరం గురించి చెప్పమన్నారు. నేను ఇంజినీరుని కాను, దేవీపట్నం మండలంలో పాఠాలు చెప్పుకున్న మేష్టారిని. డ్యామ్ మా ఇంటి మీదికే వచ్చింది కాబట్టి నేర్చుకోక తప్పలేదు.

కుడివైపు వరద నీటిని కిందికి వదిలే 48 గేట్ల స్పిల్‌వే ఉందే, అది కాంక్రీటు. నది అసలు దారికి అడ్డంగా లేచేది మట్టీ రాళ్లూ కలిపిన కట్ట. నడుమ బంకమట్టి, అటూ ఇటూ రాయి. గోదారి అడుగునంతా ఇసకే. పైన కట్ట ఎంత గట్టిగా వేసినా నీరు కిందనించి ఊరిపోతుంది. అందుకని రాయి తగిలేదాకా కాంక్రీటు తెర దించారు, డయాఫ్రమ్ వాల్ అని. కట్ట లేవకముందే వరదలొచ్చి అది దెబ్బతింది. 2025లో మళ్లీ కొత్తది మొదలెట్టారు. ఎడమగట్టున కరెంటు కేంద్రం, 80 మెగావాట్లవి 12 యూనిట్లు, మొత్తం 960. సరే, ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి.

నేను చెప్పాల్సింది 41.15 గురించి.

సముద్రమట్టానికి 41.15 మీటర్ల ఎత్తులోపు ఉన్నవాళ్లకి మొదటి దశలో పునరావాసం. జలాశయం నిండితే 45.72. ఆ నడుమ పదిహేను అడుగుల్లో ఉన్నవాళ్లం తర్వాత. ఆ 41.15 కాంటూరు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత, మా ఇంటికీ మా తమ్ముడి ఇంటికీ మధ్య పడింది. వాడు కాలనీకి పోయాడు, మేం ఉండిపోయాం. మా గేదె మాత్రం రోజూ గీత దాటి వాడి ఖాళీ పాకలో పడుకునేది. దానికి కాంటూరు ఎవరు చెబుతారు?

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు. మా ఇంట్లో గోడ గడియారం దాకా నీళ్లు. తడిపంచెతోనే పునరావాసం ఆఫీసుకెళితే, అక్కడి కుర్రాడు కాగితం చూసి, ‘మాస్టారూ, మీరు ముంపులో లేరండీ’ అన్నాడు. మర్యాదగానే అన్నాడు, కుర్చీ కూడా వేశాడు. నా పంచె కారి కుర్చీ కింద మడుగు కట్టింది.

ఇక్కడ సివిల్ చదివేవాళ్లెవరు? చేతులెత్తండి. ఎత్తండమ్మా, మొహమాటం దేనికి... ఇంతమందా! మీలో ఎవరో ఒకరు రేపు ఆ కుర్రాడి కుర్చీలో కూర్చుంటారు.

గంట కొడుతున్నారు. టర్బైన్ల గురించి రాసుకొచ్చిన కాగితం ఇక్కడే పెట్టి వెళతాను. దసరా సెలవులకి మా ఊరు రండి. గోడ మీద బురద మరక ఇంకా ఉంది, సున్నం వెయ్యనివ్వలేదు. ఎత్తు కొలిచే లెవెల్ పెట్టి చూసుకుందురుగాని. పనిముట్లు మీవే తెచ్చుకోండి, నా దగ్గర టేపు కూడా లేదు.