మ్యూనిక్ ఆఫర్, నాన్న డ్యూటీ లెక్క

నమస్కారం అండీ. జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రధాన రైల్వే స్టేషన్‌లో ఉన్నాను, ఉదయం ఏడు కావస్తోంది. ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టి మ్యూనిక్ వెళ్తున్నాను. షికారుకు కాదు. అక్కడి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ నాకు ఉద్యోగం ఇస్తామంది. ఒప్పుకుంటే వారానికి మూడు రోజులు ఈ దారిలోనే వెళ్లి రావాలి. రైలు గంటలో చేరుస్తుంది కదా అని తల ఊపేయకుండా, ఇల్లు వదిలినప్పటి నుంచి మళ్లీ ఇల్లు చేరేదాకా ఎంత పడుతుందో గడియారం పెట్టుకుని చూద్దామని బయలుదేరాను.

ఈ ఆలోచన మా నాన్నది. ఆయన తెనాలి డిపోలో ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆఫర్ సంగతి చెప్పగానే అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొడతానంది. మా అత్తయ్యగారు "చుట్టాలకు ఇప్పుడే చెప్పనా, చేరాక చెప్పనా?" అని అడిగారు. నాన్న మాత్రం జీతం ఊసెత్తలేదు. "ఎన్నింటికి బయలుదేరతావమ్మా? ఎన్నింటికి ఇంట్లో ఉంటావు?" అన్నారు. వాళ్ల డిపోలో లెక్క అలాగే ఉండేది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. దాంతోపాటు స్ప్రెడ్ ఓవర్ అని ఇంకో గీత ఉండేది. మధ్యలో విరామాలు ఎన్ని ఇచ్చినా సరే, డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మొత్తం 12 గంటలు మించకూడదు. నాన్న ఆ గీతను ఇంకాస్త సాగదీసి, ఇంటి నుంచి ఇంటికి కొలవమన్నారు.

సరే, రైలు వచ్చింది. జర్మనీలో అనుమతి లేకుండా మనుషుల ముఖాలు చూపించడం తగదు, అందుకే కెమెరాను కిటికీ వైపు తిప్పేశాను. కంటికి కనిపించేది నేను చెబుతాను, వినండి. రోజూ వెళ్లేవాళ్లను ప్లాట్‌ఫారం మీదే గుర్తుపట్టవచ్చు. తలుపు సరిగ్గా ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలుసు, అక్కడే నిలబడ్డారు. నా ఎదుటి సీటాయన కూర్చున్న వెంటనే బూట్ల తాళ్లు వదులు చేసుకుని, ఫోనులో అలారం పెట్టుకుని, కోటు కప్పుకుని నిద్రపోయారు. పక్క వరుసలో ఒకావిడ ఒడిలో అద్దం పెట్టుకుని కాటుక దిద్దుకుంటున్నారు. రైలు కుదుపును ముందే పసిగట్టి చెయ్యి ఆపుతున్నారు, కుదుపు పోగానే మళ్లీ మొదలుపెడుతున్నారు. ఎన్నేళ్ల సాధనో అది!

ఇక్కడి నుంచి ఇంగోల్‌స్టాట్ దాకా ఉన్న హైస్పీడ్ మార్గం 2006లో మొదలైంది. రైలు గంటకు 300 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. తర్వాత హాలర్‌టావు ప్రాంతం వస్తుంది. బీరుకు వాడే హాప్స్ తీగలను ఎత్తైన స్తంభాల మీదికి పాకిస్తారు. మన వైపు తమలపాకు తోటల్లా ఉంటాయి, కాకపోతే బాగా ఎత్తు.

రైలు వెళ్తుండగా ఆఫర్ సంగతి చెబుతాను. అంకెలు దాచను, ఎందుకంటే ఇలాంటి వీడియోల్లో "మంచి ప్యాకేజీ" అని ఊరించి వదిలేస్తే చూసేవాళ్లకు ఏం ఉపయోగం?

ఇప్పుడు నాకు వచ్చేది సెలవుల భత్యం, క్రిస్మస్ భత్యం అన్నీ కలిపి ఏడాదికి 68,000 యూరోలు. కొత్తవాళ్లు ఇస్తామన్నది 80,000. చూడగానే ఎవరికైనా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, నాకూ కొట్టుకుంది. అయితే ఇప్పటి ఉద్యోగంలో నాది వారానికి 35 గంటల పని. మా సంస్థ లోహ, విద్యుత్ పరిశ్రమల వేతన ఒప్పందంలో ఉంది. ఆ 35 గంటలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఐజీ మెటాల్ కార్మిక సంఘం 1984లో వారాల తరబడి సమ్మె చేసింది. నవ్వుతున్న సూర్యుడి బొమ్మలో 35 అంకె వేసి గుండీలు పంచారు. అప్పటి పశ్చిమ జర్మనీలో అది పూర్తిగా అమలయ్యేసరికి 1995 వచ్చింది. నేను ఈ దేశానికి వచ్చేసరికి అంతా వడ్డించిన విస్తరి.

కొత్త ఉద్యోగం 40 గంటలది. ఇప్పుడు భాగించి చూడండి. 35 గంటల చొప్పున ఏడాదికి 1,820 గంటలు, అంటే గంటకు 37 యూరోల 36 సెంట్లు. 40 గంటల చొప్పున 2,080 గంటలు, గంటకు 38 యూరోల 46 సెంట్లు. పన్నెండు వేలు పెరిగిందని అనుకున్నది గంట లెక్కకు వచ్చేసరికి ఒక యూరో పది సెంట్లు.

కథ అక్కడితో అయిపోలేదు. కాంట్రాక్టులో పని గంటల పేరాలో చిన్న వాక్యం ఒకటి ఉంది: నెలకు 20 గంటల వరకు అదనపు పని జీతంలోనే కలిసి ఉంటుంది. "అదనపు పని అంతా జీతంలోనే" అని గంపగుత్తగా రాస్తే ఇక్కడ చెల్లదు. ఎన్ని గంటలో ఉద్యోగికి తెలియడం లేదు కాబట్టి అది అస్పష్టమని ఫెడరల్ లేబర్ కోర్టు 2010లో తీర్పు ఇచ్చింది. నెలకు 20 గంటలు అని లెక్క రాస్తే మాత్రం చెల్లుతుందని అదే కోర్టు 2012లో చెప్పింది. అంటే కాంట్రాక్టు రాసినవాళ్లు తీర్పులు చదివే రాశారన్నమాట. ఆ 20 గంటలూ ప్రతి నెలా చేయించుకుంటే ఏడాదికి 2,320 గంటలు అవుతాయి. గంటకు 34 యూరోల 48 సెంట్లు. ఇప్పుడు వచ్చేదానికంటే తక్కువ! జీతం పెరిగి కూలి తగ్గడం అంటే ఇదేనండీ.

"అన్ని గంటలూ వాడుకుంటారని ఎందుకు అనుకుంటున్నావు?" అని మా ఆయన అడిగారు. నిజమే, వాడుకోకపోవచ్చు. కానీ అక్కర్లేనిదాన్ని లాయరు చేత రాయించుకుంటారా?

మ్యూనిక్ వచ్చేసింది. ఇక్కడి నుంచి లోకల్ రైలు, ఆపైన కొంత నడక. ఆఫీసు గుమ్మం దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ నలభై. ఇంట్లో ఆరూ ఇరవైకి బయలుదేరాను. ఇవాళ రైలు సమయానికి వచ్చింది. రోజూ వస్తుందని నమ్మకం పెట్టుకోలేం. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అది కూడా ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని ఆలస్యం కాదనుకుంటే. ఇక్కడ పని ముగించి సాయంత్రం రైలు అందుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిది. నాన్న లెక్కలో 13 గంటల 40 నిమిషాలు.

జర్మనీ పని గంటల చట్టం కూడా మంచిదే. రోజుకు 8 గంటలు, తర్వాతి రోజుల్లో తగ్గించి సగటును 8కి సరిచేస్తామంటే 10 దాకా. ఒక రోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టేలోపు 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే ప్రయాణం పని కిందికి రాదు. రైలులో కాటుక దిద్దుకునే సమయాన్ని ఆ చట్టం విశ్రాంతిలోనే వేస్తుంది.

డబ్బు లెక్క కూడా ముగించేస్తాను. మేమిద్దరం ఉద్యోగస్తులమే. పెరిగే పన్నెండు వేలలో పన్ను, పెన్షన్ కోతలు పోగా నెలకు 540 యూరోల చుట్టూ చేతికి వస్తాయి. దేశమంతటా రైళ్లు ఎక్కగలిగే బాన్‌కార్డ్ 100 ఏడాదికి దాదాపు 4,900 యూరోలు, అంటే నెలకు 400 దాటింది. పన్ను రిటర్నులో ప్రయాణ ఖర్చు చూపించి వెనక్కి తెచ్చుకునేది కలిపినా, ఎంత ఉదారంగా వేసినా, నెలకు 250 యూరోలు మిగలవు. దానికోసం ఇంటి నుంచి అదనంగా దూరమయ్యే గంటలు నెలకు 65 దాకా ఉన్నాయి. గంటకు నాలుగు యూరోలు కూడా పడటం లేదు. ఈ దేశంలో కనీస వేతనమే 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు.

మ్యూనిక్‌కే మారిపోవచ్చు కదా అంటారా? ఇప్పుడు మేముండే మూడు గదుల ఇంటికి వేడి ఖర్చుతో కలిపి 1,250 కడుతున్నాం. మ్యూనిక్‌లో అలాంటివి చూస్తే రెండు వేలకు తక్కువ కనిపించలేదు. పైగా చాలా ఇళ్లలో వంటగది ఉండదు. గది ఉంటుంది, అందులో పొయ్యి, సింకు, అరలు ఏవీ ఉండవు, గోడలోంచి పైపు మాత్రం పొడుచుకు వస్తుంది. మనమే కొని బిగించుకోవాలి. మా ఆయన ఉద్యోగం న్యూరెంబర్గ్ పక్కనున్న ఎర్లాంగెన్‌లో. నా బదులు ఆయన రైలెక్కుతారు, అంతే తేడా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డబ్బు ఒక్కటే అయితే ఇంత ఆలోచించేదాన్నే కాదు. పని నచ్చింది. ఇప్పుడున్న చోట పాత కోడుకు మరమ్మతులు చేయడమే నా ఉద్యోగం. ఎవరో ఎప్పుడో రాసినదాన్ని విరగకుండా నిలబెట్టడం. కొత్త సంస్థలో మొదటి నుంచి కట్టే ఉత్పత్తి, చిన్న బృందం, దానికి నేను బాధ్యురాలిని. ఇంటర్వ్యూలో బోర్డు ముందు నిలబడి గీతలు గీస్తూ మాట్లాడుతుంటే భోజనం వేళ దాటిపోయిందని ఎవరికీ తెలియలేదు. కుటుంబం కోసం వదులుకున్నాను అని చెప్పుకోవడం తేలిక. చేతులకు పనిలేక తుప్పు పట్టడం కూడా కుటుంబం మీదే పడుతుంది, చిరాకు రూపంలో. ఆ సంగతి మా ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అవతలి పళ్లెంలో ఉన్నది కూడా చెబుతాను. నేను మూడున్నరకు పని ముగించి నాలుగు లోపు మా పాప కీటాకు వెళ్తాను. కీటా అంటే ఇక్కడి పిల్లల బడి. ప్రతి పిల్లకూ ఒక కొక్కెం, దాని మీద పేరుకు బదులు ఒక బొమ్మ. మా పాపది తాబేలు. కొక్కానికి వానలో వేసుకునే రబ్బరు ప్యాంటు వేలాడుతుంది, దాని జేబుల్లో రోజుకో రాయి దొరుకుతుంది. ఇంటికి వచ్చి నాలుగున్నరకు నాన్నకు ఫోన్ చేస్తే అక్కడ వేసవి వేళల ప్రకారం రాత్రి ఎనిమిది, చలికాలంలో తొమ్మిది. భోజనం చేస్తూ పాప చేత తెలుగు అంకెలు చెప్పించుకుంటారు. నేను ఎనిమిదికి ఇల్లు చేరితే అక్కడ పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. వారానికి మూడు రోజులు ఆ ఫోన్ ఉండదు.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఇదంతా వింతగా అనిపించింది. తను హెచ్-1బీ వీసా మీద ఉంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి. "నీకు కాదనే వెసులుబాటు ఉంది అక్కా, అదే పెద్ద ఆఫర్" అంది. నిజమే. చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, బ్లూ కార్డు, తీసుకున్న మొదటి ఏడాదిలో ఇక్కడ కూడా ఉద్యోగం మారితే విదేశీయుల కార్యాలయానికి చెప్పుకోవాలి. తర్వాత బీ1 స్థాయి జర్మన్ పరీక్ష ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగవచ్చు. రాత్రులు కూర్చుని ఆ వ్యాకరణం బట్టీ పట్టినందుకు ఇప్పుడు తాపీగా బేరం ఆడగలుగుతున్నాను.

బేరం ఆడాను కూడా. మూడు విషయాలు అడిగాను: 35 గంటలకు తగ్గించి ఆ మేరకే జీతం ఇవ్వండి, ఇంటి నుంచి పనిచేసే రోజులు కాంట్రాక్టులో రాయండి, 20 గంటల వాక్యం తీసేయండి. మొదటిదానికి మర్యాదగా కాదన్నారు. రెండోదానికి ఒప్పుకున్నారు, రాసిచ్చారు కూడా. మూడోది "అందరికీ ఒకే నమూనా" అన్నారు. పైగా మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. రెండు వారాల నోటీసుతో ఎవరు ఎవరినైనా వదిలేయవచ్చు, తొలగింపు నుంచి రక్షించే చట్టం కూడా ఆరు నెలలు నిండాకే వర్తిస్తుంది. ఇప్పటి ఉద్యోగంలో నాకున్నది మూడు నెలల నోటీసు.

ఇంటికి చేరాక, మర్నాడు నాలుగున్నరకు నాన్నకు లెక్క అప్పజెప్పాను. 13 గంటల 40 నిమిషాలు అనగానే ఆయన నవ్వారు. "మా డిపోలో ఇలాంటి చార్టు వేస్తే యూనియన్ వాళ్లు గేటు ముందు బైఠాయించేవాళ్లు" అన్నారు. వద్దని మాత్రం అనలేదు. "పని నచ్చిందన్నావుగా, దాని సంగతేమిటి?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మ్యూనిక్ వాళ్లకు రాలేనని ఉత్తరం పంపాను. ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది. తెల్లారాక ఆ బోర్డు మీద గీసిన గీతలే గుర్తొచ్చి కాస్త దిగులేసింది, అబద్ధం చెప్పను. ఆఫీసుకు వెళ్లగానే మా మేనేజరుకు సమయం కావాలని రాశాను. మా సంస్థలోనే కింది అంతస్తులో కొత్త ఉత్పత్తి ఒకటి మొదలవుతోంది, దానికి మనుషులను తీసుకుంటున్నారని విన్నాను. గురువారం పదింటికి రమ్మన్నారు. ఆ బృందంలో చోటు అడుగుతాను, వేతన శ్రేణి కూడా ఒక మెట్టు పెంచమంటాను. 80,000 అన్న కాగితం బ్యాగులోనే ఉంటుంది, అవసరమైతేనే బయటికి తీస్తాను.