మడత చాకులో ఏం మార్చాలి, ఏది ఉన్నట్టే ఉంచాలి
(అనంతపురంలో చేతిపనుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రాయలసీమలో కత్తుల మీద ప్రసంగం అనగానే, సినిమావాళ్ళ పుణ్యమా అని, బయటివాళ్ళు సుమోలు ఎప్పుడు లేస్తాయా అని చూస్తారు. ఈరోజు మాట్లాడుకునేది జేబులో పట్టే మడత చాకు గురించి. చీనీ (బత్తాయి) మొక్కకు అంటు కట్టడానికి, ఎరువు బస్తా కుట్టు తెంపడానికి, డ్రిప్ పైపు కోయడానికి, మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని కాయ కోసుకోవడానికి వాడే చాకు.

ఈ మధ్య మీలో చాలామంది చాకును అప్‌గ్రేడ్ చేయాలంటున్నారు. పిడి మార్చాలి, మంచి స్టీల్ వేయించాలి అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట వాదర, అంటే కోసే అంచు, సరిచేయండి. తర్వాత పిడి మార్చుకోండి. స్టీల్ సంగతి చివర్లో, అదీ అవసరముంటేనే. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ముందే స్టీల్ పేరు అడుగుతారు. ఇంట్లో ఉన్న సానరాయి ఏదని మాత్రం ఎవరూ అడగరు.

సరే, స్టీల్‌తోనే మొదలుపెడదాం. ఉక్కులో కార్బన్ పెరిగితే, సరిగ్గా కాల్చి చల్లారిస్తే, గట్టిదనం వస్తుంది. క్రోమియం పన్నెండు, పదమూడు శాతం ఉంటే తుప్పు పట్టడం తగ్గుతుంది. అయితే ఆ క్రోమియం కార్బన్‌తో ముడిపడకుండా విడిగా మిగలాలి. డీ2 అనే స్టీల్‌లో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా, కార్బన్ ఒకటిన్నర శాతం ఉండటంతో చాలా క్రోమియం ఆ కార్బన్‌తో కలిసి కార్బైడ్లు అనే గట్టి రేణువుల కిందే ఖర్చయిపోతుంది. అందుకే దాన్ని పూర్తి స్టెయిన్‌లెస్ అనరు. తడిపి వదిలేస్తే మచ్చలు పడతాయి. వెనేడియం పని వేరు. అది కార్బన్‌తో కలిసి చాలా గట్టి రేణువులు చేస్తుంది, వాటివల్ల వాదర తొందరగా అరగదు.

అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ 2001లో తెచ్చిన ఎస్30వీ ఇలాంటిదే. కార్బన్ సుమారు 1.45 శాతం, క్రోమియం 14, వెనేడియం 4. కరిగిన ఉక్కును గ్యాస్‌తో చిమ్మి పొడిగా చేసి, ఆ పొడిని వేడిలో ఒత్తి దిమ్మ చేస్తారు. మామూలుగా పోత పోస్తే కార్బైడ్లు పెద్దవిగా, గుంపులుగా ఏర్పడతాయి. పొడి పద్ధతిలో సన్నగా, సమంగా పరుచుకుంటాయి. మంచి స్టీల్, సందేహం లేదు. కానీ పదును పోయాక ఏం చేస్తారు?

చిక్కు ఇక్కడే ఉంది. మనం వాడే సానరాళ్ళలో ఎక్కువ భాగం అల్యూమినియం ఆక్సైడ్, అంటే కురువిందం జాతి. వెనేడియం కార్బైడ్ దానికంటే గట్టిది. రాయి మీద ఎంత రాసినా చుట్టూ ఉన్న మెత్తటి ఉక్కు అరుగుతుంది తప్ప ఆ రేణువులు సరిగా తెగవు. గంటసేపు కూర్చుని రాసి, 'రాయి మంచిది కాదు' అని రాయిని తిడతాం. దానికి వజ్రపు పొడి అద్దిన ప్లేటు కావాలి. వజ్రకరూరు ఉన్న జిల్లాలో వజ్రం ప్లేటు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావడం మన తలరాత. వాటిలో వాడేది ఫ్యాక్టరీలో చేసిన వజ్రమేలెండి.

ఇప్పుడు ఇంకోవైపు చూడండి. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకుల బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 56 దగ్గర ఉంటుంది. ఎస్30వీ 59 నుంచి 61 దాకా పోతుంది. 56 అనగానే మనవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ ఆ కంపెనీ 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు ఇస్తోంది. ఆ స్టీల్ తొందరగా మొద్దుబారుతుంది, అంతే తొందరగా పదునెక్కుతుంది. పింగాణీ కప్పు అడుగున గరుకు అంచు మీద పది సార్లు రాస్తే చాలు. తోటలో ఉన్న మనిషికి ఇదే కావాలి. అమెరికా బక్ కంపెనీ 1964లో తెచ్చిన 110 అనే మడత చాకుకు మొదట్లో 440సీ స్టీల్ వాడేవారు. 1990ల నుంచి అంతకంటే కార్బన్ తక్కువున్న 420హెచ్‌సీ వాడుతున్నారు. కాగితం మీద చూస్తే ఇది దిగజారడమే. కానీ కాల్చి చల్లార్చే పని, ఆ తర్వాత మళ్ళీ తక్కువ వేడిలో పెట్టి పెళుసుతనం తగ్గించే పని జాగ్రత్తగా చేస్తారు కాబట్టి ఆ చాకు ఇప్పటికీ అమ్ముడవుతోంది. మంచి స్టీల్‌ను సరిగా కాల్చకపోతే, సరిగా కాల్చిన మామూలు స్టీల్ ముందు అది నిలవదు.

తుప్పు విషయంలో మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా ఇది. కాకినాడలో ఉన్నవాళ్ళు పడే భయం మనకు అక్కర్లేదు. ఇక్కడ గాలివల్ల కంటే చెమటవల్ల, చీనీ రసంవల్ల, ఎరువువల్ల చాకు పాడవుతుంది. కార్బన్ స్టీల్ బ్లేడు చీనీ రసం తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపుకు భయపడకండి, అది ఎర్ర తుప్పు కాదు. తుడిచి, ఒక చుక్క నూనె రాసి మడవండి.

నర్సరీలో అంటు కట్టేవాళ్ళది మాత్రం వేరే కథ. మనవైపు సాత్‌గుడి చీనీని రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కన్ను అంటు కడతారు. ఎక్సోకార్టిస్ లాంటి వైరాయిడ్ (వైరస్ కంటే చిన్న రోగకారకం) జబ్బు కత్తి వెంట ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది, రంగపూర్ నిమ్మ దానికి తట్టుకోలేదు. స్పిరిట్‌తో తుడిస్తే వైరాయిడ్ చావదు. బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి. ఆ ద్రావణం కార్బన్ స్టీల్‌ను తినేస్తుంది, స్టెయిన్‌లెస్‌ను కూడా మెల్లగా గుంటలు చేస్తుంది. కాబట్టి అంటు కట్టేవాళ్ళు స్టెయిన్‌లెస్ కొనండి, ముంచాక నీళ్ళతో కడగండి. స్టీల్ గురించి నిజంగా పట్టింపు ఉండాల్సింది వీళ్ళకే. ఒక సంగతి, అంటు కత్తికి ఒకవైపే సాన ఉంటుంది. ఎడమచేతివాళ్ళు ఎడమచేతి కత్తే అడిగి తీసుకోండి. లేకపోతే కోత వంకర పోతుంది.

వాదర సరిచేయడం అంటే ఏమిటి? కొత్త చాకులు చాలావాటికి వాదర వెనక మందం ఎక్కువ. మొద్దు కోణంలో సాన పట్టి పంపుతారు, ఎవరు ఎలా వాడినా గాటు పడకూడదని. ఒక్కో పక్కకు ఇరవై ఐదు డిగ్రీలున్నదాన్ని పద్దెనిమిది, ఇరవైకి దించితే అదే చాకు వేరే చాకులా కోస్తుంది. ఖర్చు ఒక రాయి, ఒక ఆదివారం. కానీ గ్రైండర్ జోలికి పోకండి. వాదర దగ్గర సన్నటి ఉక్కు క్షణాల్లో వేడెక్కుతుంది. ఎండుగడ్డి రంగు వస్తే 220 డిగ్రీలు దాటిందని, నీలం వస్తే 300 దగ్గరికి పోయిందని అర్థం. మామూలు కార్బన్ స్టీల్‌కు నీలం రంగొచ్చిన చోట గట్టిదనం పోయినట్టే. ఎంత సాన పట్టినా అక్కడ పదును నిలవదు.

కొందరు కమ్మరి దగ్గర కొత్త బ్లేడు చేయించి పాత పిడిలో వేయించుకుంటామంటారు. లారీ కమాను కట్ట ముక్క ఇస్తారు. కమాను కట్టలో కార్బన్ అర శాతం పైచిలుకే. కొడవలికి, మచ్చుకత్తికి బాగుంటుంది, విరగదు. చిన్న చాకు సన్నటి వాదరకు బేరింగ్ ఉక్కు, ఈఎన్31 అంటారు కదా, ఒక శాతం కార్బన్ ఉన్నది, ఇంకా మేలు. పవర్ హ్యాక్సా బ్లేడుతో చేద్దామంటే అది మొత్తం హైస్పీడ్ స్టీల్‌దేనా అని చూసుకోండి. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావాటికి పళ్ళ అంచు మాత్రమే హైస్పీడ్, మిగతాది మెత్తటి పట్టీ. వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి కొలతలు. మడత చాకు బ్లేడు అడుగుభాగం స్ప్రింగుకో లాకుకో వెంట్రుకవాసి తేడా లేకుండా ఆనాలి. కొంచెం తగ్గితే ఊగుతుంది, కొంచెం పెరిగితే లాకు పట్టదు. పట్టని లాకు వేళ్ళ మీద మూసుకుంటుంది. నా సలహా అడిగితే, స్టీల్ మార్చాలనుకుంటే చాకే మార్చండి.

పిడి దగ్గరికొస్తే మాత్రం మీ ఇష్టం, ఇక్కడ ఎంత ఆడుకున్నా నష్టం లేదు. పట్టు బాగుంటే పని బాగుంటుంది, పాడైతే మళ్ళీ చేసుకోవచ్చు.

ముందు మీ చాకు పిడి ఎలా బిగించారో చూడండి. స్క్రూలుంటే అదృష్టం. చాలావాటికి టీ6, టీ8 నక్షత్రం బిట్టు పడుతుంది. చవక బిట్టుతో స్క్రూ తల చెడగొట్టకండి. రాకపోతే వేడి సోల్డరింగ్ ఐరన్ ఒక నిమిషం ఆనించండి, లోపలి జిగురు మెత్తబడుతుంది. విక్టోరినాక్స్ ఎర్ర పిడి ప్లాస్టిక్, పక్కలు లేపి వేరేవి నొక్కి పెట్టుకోవచ్చు. ఇత్తడి రివిట్లు ఉంటే డ్రిల్ వేయాలి, అది కాస్త అనుభవం ఉన్నవాళ్ళ పని.

ఇక దేనితో చేయాలి? టైటానియం, అల్యూమినియం చూడటానికి బాగుంటాయి. మే నెలలో ట్రాక్టర్ సీటు మీద వదిలేసి, మధ్యాహ్నం చేత్తో పట్టుకోండి, అప్పుడు చెప్పండి. జీ10 అంటే గాజునార, ఎపాక్సీ కలిపి ఒత్తిన పలక. ఎండకు, నీళ్ళకు చలించదు, తడి చేతికి పట్టు ఇస్తుంది. దాన్ని రుద్దేటప్పుడు వచ్చే దుమ్ము మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ళలో తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. నాకు ఎక్కువ ఇష్టం మైకార్టా. 1910 ప్రాంతంలో అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ కరెంటు పరికరాల ఇన్సులేషన్ కోసం తెచ్చిన సరుకు ఇది. గుడ్డ పొరలకు రెసిన్ పట్టించి ఒత్తుతారు. ఆ వరసలోనే ఇంట్లోనూ ఒకటి చేసుకోవచ్చు. పాత జీన్స్ గానీ, కాటన్ దుప్పటి గానీ ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు ఎపాక్సీ పట్టించి, రెండు చెక్కల మధ్య క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేయండి. పాలిథీన్ కాగితం అడ్డం పెట్టడం మర్చిపోతే చెక్కలు కూడా పిడిలో భాగమవుతాయి.

చెక్క కావాలంటే తుమ్మ మనకు దొరికే మంచి చెక్క. పనిముట్ల పిడులకు మన పెద్దలు వాడిందే. చింత చేవ కూడా గట్టిది. కానీ బాగా ఆరిన ముక్కే వాడండి. పచ్చిదనం ఉన్న చెక్క బిగిస్తే ఎండాకాలంలో ముడుచుకుని రివిట్ల దగ్గర పగులుతుంది. ఎర్రచందనం ముక్క దొరుకుతుందా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పాలకొండలు, లంకమల కొండలు పక్కనే ఉన్నాయి కాబట్టి ఆశ కలగడం సహజం. వద్దు. పర్మిట్ లేకుండా అరచేయంత ముక్క దగ్గరున్నా కేసే. జింక కొమ్ము కూడా అంతే, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. గేదె కొమ్ముకు ఆ ఇబ్బంది లేదు గానీ, మన ఎండకు వంగిపోతుంది, పురుగు తింటుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పి ఆపుతాను. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేళ్ళ గురించి ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. మన మడత చాకు ఆ కొలతలకు చాలా కింద ఉంటుంది. అయినా బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకాలు కొనకండి, కొన్నిచోట్ల వాటిమీద విడిగా ఆంక్షలున్నాయి, పైగా తోటలో వాటితో పనేమీ లేదు. విమానమెక్కేటప్పుడు జేబులో చాకు ఉందేమో చూసుకోండి.

ముందు టేబుల్ మీద తుమ్మ, జీ10, ఇంట్లో చేసిన జీన్స్ పిడి, మూడు రకాలు పెట్టాను. చేయి తడుపుకుని పట్టుకుని చూడండి, పక్కన గిన్నెలో నీళ్ళున్నాయి. మీ చాకులు తెచ్చినవాళ్ళు వరసగా రండి, ఏ కోణంలో ఉందో చూసి చెబుతాను.